మే నెల నీళ్లు

పూర్తిగా కాలిపోయిన తాటాకిళ్లు తొమ్మిది. సగం కాలినవి రెండు. దాళ్వా పంట గడ్డిమేట్లు మూడు. ధాన్యం బస్తాలు నలభై ఒకటి, అందులో విత్తనానికి దాచుకున్నవి పదహారు. సైకిళ్లు ఆరు, కుట్టుమిషన్లు రెండు, మేకలు రెండు, కొబ్బరిచెట్లు ఏడు. కోళ్లు ముప్ఫై దాకా అన్నారు. కోళ్ల లెక్క మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు, నిప్పు చూసి పారిపోయినవి సాయంత్రానికి కొన్ని తిరిగొచ్చాయి. ఒకమ్మాయి ఎనిమిదో తరగతి పుస్తకాల సంచీ. మా స్టేషన్ తరఫున పేలిపోయిన నీళ్ల గొట్టం ఒకటి. చేపపిల్లలు పదహారు వేల ఆరు వందలు. మనుషులు, సున్నా.

ఇళ్లు కాలినచోట చేపపిల్లలు ఎందుకు చచ్చిపోయాయని మీరు అడుగుతారు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఫైర్ సర్వీసులో కొత్తగా చేరినవాళ్లు చదవాలని.

తణుకు, భీమవరం మధ్యనున్న ఒక పట్టణంలో మా స్టేషన్. నేను అక్కడ లీడింగ్ ఫైర్‌మన్‌ని. మోకాలు మొరాయించి ముందుగానే రిటైర్మెంట్ తీసుకున్నాను, లేకపోతే ఇంకా సర్వీసులోనే ఉండే వయసు. చదువు పదో తరగతితో ఆగింది. అయితే స్టేషన్లో పని లేని గంటలు చాలా ఉంటాయి. పాత పంపు పుస్తకం వెనక పేజీల్లో పట్టికలు ఉండేవి. ఎంత ప్రెషర్‌కి ఎన్ని లీటర్లు పోతాయో, ఎంత ఎత్తుకి ఎంత ప్రెషర్ తగ్గుతుందో అందులో ఉండేది. వాటిని ముందేసుకుని ఎవరూ చెప్పకుండానే లెక్కలు నేర్చుకున్నాను. ఆ పిచ్చి చూసి మా డ్రైవరు గారు నన్ను ‘మేష్టారూ’ అని పిలిచేవారు. నాకంటే పదేళ్లు పెద్ద, బండి ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పగలిగిన మనిషి. ఆ పిలుపులో గౌరవం పావలా, వెటకారం ముప్పావలా.

మా దగ్గర రెండు బండ్లు. పెద్దది నాలుగు వేల ఐదు వందల లీటర్ల ఫైరింజన్. చిన్నది జీపు, దాని వెనక పోర్టబుల్ పంపు కట్టి లాక్కెళ్లేవాళ్లం. చెరువుల దగ్గరికి పెద్ద బండి పోలేనిచోట ఆ పంపుని నలుగురు మోసుకెళ్లి నీటి ఒడ్డున పెట్టి తోడాలి. రెండు బండ్లకి కలిపి షిఫ్టుకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. ఉన్నది ఒక్కరు. పెద్ద బండి మీద ఆరుగురు వెళ్లాలి. మేము నలుగురం వెళ్లేవాళ్లం. అంటే జీపు కదలదు, అది కదలకపోతే పోర్టబుల్ పంపు కదలదు, ఒకవేళ కదిలినా మోసే నలుగురు లేరు. ఈ ఖాళీలు నేను చేరినప్పుడూ ఉన్నాయి, వచ్చేసినప్పుడూ ఉన్నాయి.

నాలుగు వేల ఐదు వందల లీటర్లంటే వినడానికి చాలా అనిపిస్తుంది. రెండు గొట్టాలు విప్పితే ఐదు నిమిషాలు. ఆ తర్వాత నీళ్లు ఎక్కడివి అన్నదే మా ప్రాంతంలో అసలు ప్రశ్న. మిగతా కాలమంతా డెల్టాలో ఆ ప్రశ్నకి అర్థం లేదు, రోడ్డు పక్కనే కాలువ ఉంటుంది, గొట్టం వెయ్యడం, తోడడం. కానీ తాటాకు ఎండేది, గడ్డిమేట్లు వేసేది, పడమటి గాలి తిరిగేది సరిగ్గా మరమ్మతులకని కాలువలకి నీళ్లు కట్టేసే రోజుల్లో. అందుకని నేను ఒక పట్టిక తయారుచేశాను. మా పరిధిలో ఏ ఊరికి ఎన్ని నిమిషాలు, ఆ ఊళ్లో తాటాకిళ్లు ఎన్ని, వేసవిలో నీళ్లు తోడడానికి ఏ చెరువు, దాని లోతెంత. మొత్తం అరవై మూడు నీటి చోట్లు. వరసగా రెండేళ్లు సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య సెలవు రోజుల్లో మోటారు సైకిల్ మీద తిరిగి కొలిచాను. వేసవిలో ఎంత ఇంకుతుందో పంచాయతీ వాళ్లని అడిగి అది కూడా తీసేసి రాశాను. మా స్టేషన్ ఆఫీసర్ గారు చూసి గోడకి అంటించమన్నారు. పైనుంచి తనిఖీకి వచ్చినాయన ఫొటో కూడా తీసుకున్నారు.

మా డ్రైవరు గారు మాత్రం దాని ముందు నిలబడి చాలాసేపు చూశారు.

“మేష్టారూ, ఇవన్నీ ఎప్పుడు కొలిచారు?”

“జనవరి, ఫిబ్రవరి.”

“ఓసారి మే నెలలో వెళ్లి చూద్దామండి.”

“మే నెల లెక్క కూడా వేశానండి. ఈ చెరువు చూడండి, పదకొండు అడుగుల్లోంచి నాలుగు తీసేశాను. ఏడడుగుల నీళ్లుంటాయి. సరిపోవా?”

“మీ కాగితంలో సరిపోతాయి” అని టీ తాగడానికి వెళ్లిపోయారు.

ఆ సంవత్సరం మే నెలలోనే, పన్నెండు కావడానికి ఇరవై నిమిషాలుందనగా ఫోనొచ్చింది. మా స్టేషన్‌కి ఏడు కిలోమీటర్ల దూరంలో కట్టేసిన కాలువ గట్టు పక్కన కూలి పనులు చేసుకునేవాళ్ల పేట. ఒకే వరసలో ఇరవై ఐదు ఇళ్లు, చూరుకి చూరు తగులుతూ. పొయ్యిలోంచి లేచిన రవ్వ, దానికి తోడు గాలి. పదమూడు నిమిషాల్లో వెళ్లాం. వెళ్లేసరికి నాలుగు ఇళ్లు లేవు, ఐదోది అంటుకుంటోంది. జనం అప్పటికే బయటికొచ్చేసి రోడ్డు మీద ఉన్నారు. ఇద్దరు ఫైర్‌మన్లు చెరో గొట్టం పట్టుకున్నారు. డ్రైవరు గారు పంపు దగ్గర. ఐదు నిమిషాలు మంట ఆగినట్టే ఉంది. ట్యాంకు అయిపోయింది.

నేను దిగులు పడలేదు. నా పట్టికలో ఆ ఊరి మంచినీళ్ల చెరువు ఉంది. పేటకి ఎదురుగానే. లోతు ఏడడుగులు అని నా చేత్తోనే రాశాను. బండి చెరువు దగ్గరికి తిప్పించాను.

చెరువులో నీళ్లు ఏడడుగులే ఉన్నాయి. ఆ లెక్క తప్పలేదు. కానీ నీళ్లు కిందికి దిగినప్పుడు ఒడ్డు కూడా లోపలికి జరుగుతుంది. ఆ చెరువు గట్టు వాలు చాలా మెల్లనిది. నీరు అడుగు దిగితే ఒడ్డు ఏడడుగులు జరుగుతుంది. నాలుగడుగులు దిగింది, ఇరవై ఎనిమిది అడుగులు జరిగింది. ఫిబ్రవరిలో రోడ్డు నుంచి పద్దెనిమిది అడుగుల్లో ఉన్న నీరు ఇప్పుడు నలభై ఆరు అడుగుల్లో ఉంది. నీళ్లు పీల్చడానికి మా బండి మీద ఉన్న లావు గొట్టాలు నాలుగు, ఒక్కోటి ఎనిమిది అడుగులు. మొత్తం ముప్ఫై రెండు. పద్నాలుగు అడుగులు తక్కువ. ఆ పద్నాలుగు అడుగులూ మోకాలి లోతు బురద. బండి దింపితే మళ్లీ పైకి రాదు. పోర్టబుల్ పంపు ఉంటే చాలు, అది షెడ్డులో జీపు వెనక ఉంది.

గొట్టాలు కలిపి, విప్పి, ఇంకో మూల నుంచి ప్రయత్నించి, పదకొండు నిమిషాలు పోగొట్టుకున్నాం. ఆ పదకొండు నిమిషాల్లో ఇంకో నాలుగు ఇళ్లు పోయాయి. మొదట చెప్పిన తొమ్మిదిలో ఆ నాలుగూ నావి. ఈ మాట ఏ రిపోర్టులోనూ లేదు, ఇక్కడ రాస్తున్నాను.

డ్రైవరు గారు అటు తిరిగి రోడ్డుకి అవతల చూపించి, “ఆ చేపల గుంట” అన్నారు.

రోడ్డుని ఆనుకునే ఉంది. పదిహేను సెంట్ల చిన్న చెరువు, చేపపిల్లల్ని పెంచి పెద్ద చెరువుల వాళ్లకి అమ్మేది. ఆ పేటలో మనిషి కాదు కానీ ఆ ఊరావిడే కౌలుకి తీసుకుని చేస్తోంది. నలభై ఐదేళ్లుంటాయి. తవుడు బక్కెట్టు పక్కన పెట్టుకుని గట్టు మీద నిలబడి మంట వైపే చూస్తోంది. నేను పరిగెత్తుకెళ్లి అడిగాను.

“అమ్మా, మీ చెరువులో నీళ్లు తోడుకుంటాం.”

“పిల్లలున్నాయండి. శీలావతి రకం, అరవై వేలు. పది రోజుల్లో పట్టేస్తాను.”

“ఇళ్లు పోతున్నాయమ్మా.”

“కళ్లు లేవా నాకు? తోడద్దన్నానా?” అని చెరువులోకి దిగింది. నీళ్లు ఆవిడకి మోకాలి దాకా కూడా లేవు, అడుగున్నర. కాలువ కట్టేశాక కొత్త నీళ్లు పెట్టే దారి లేదు. ఒక వెదురు కర్ర గుచ్చి, నీటి మట్టానికి మూడు వేళ్ల కింద గుడ్డపీలిక కట్టింది. “ఇది బయటపడితే ఆపేయండి. అంతకంటే తగ్గితే ఈ ఎండకి నీళ్లు ఉడికిపోతాయి.”

మూడు వేళ్లంటే నేను కొలిచి చూశాను, రెండున్నర అంగుళాలు. జల్లెడ కట్టి గొట్టం దింపాం. నీళ్లు వచ్చాయి. ఇంకో ఇల్లు పోయింది, ఆ తర్వాతి రెండిటి చూర్లు అంటుకున్నాయి. కానీ ఇప్పుడు మంట మా చేతిలోకి వస్తోంది. ఈలోగా ఒక గొట్టం పేలింది, మార్చాం. నలభై నిమిషాలు దాటాక గుడ్డపీలిక బయటపడింది.

మంట ఇంకా ఉంది. గడ్డిమేట్లు లోపల రగులుతున్నాయి, గాలి వేస్తే అవతల పద్నాలుగు ఇళ్ల మీద పడతాయి. డ్రైవరు గారు పంపు చక్రం మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూశారు. ఆపమంటే ఆపుతారు. నేను ఆపమనలేదు, ఆవిడ దగ్గరికి వెళ్లాను.

“ఇంకెంత కావాలి?” అంది నేను నోరు తెరవకముందే.

“ఇంకో మూడున్నర అంగుళాలమ్మా.”

“అంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?”

“లెక్క.”

“అదిగో, ఆ చెరువు దగ్గర కూడా లెక్కే అన్నారంట.” అది నాకెక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆవిడ పేట వైపు చూసింది. “తోడిన నీళ్లు మళ్లీ పోస్తారా?”

“పోస్తాం.”

“ఎవరు పోస్తారు?”

“నేను.”

“మీరు బదిలీ అయిపోతే?”

“స్టేషన్ బదిలీ అవదు కదమ్మా.”

ఆవిడ వెళ్లి ఆ కర్ర పీకేసింది.

మొత్తం నూట మూడు నిమిషాలు తోడాం. పంపు ప్రెషర్ బట్టి చూస్తే సుమారు తొంభై రెండు వేల ఏడు వందల లీటర్లు. చెరువు బట్టి కూడా చూశాను. ఒక సెంటు మీద ఒక అంగుళం నీరంటే వెయ్యీ ఇరవై ఎనిమిది లీటర్లు. ఇది గుర్తుపెట్టుకోండి, మన ప్రాంతంలో ఇంత పనికొచ్చే లెక్క ఇంకోటి లేదు. పదిహేను సెంట్లు, ఆరు అంగుళాలు. తొంభై రెండు వేల ఐదు వందల ఇరవై. రెండు లెక్కలూ దగ్గరగానే ఉన్నాయి. తక్కువదే తీసుకున్నాను, ప్రెషర్ ముల్లు కంటే గట్టు మీద తడి గీత నమ్మకం.

పద్నాలుగు ఇళ్లు నిలిచాయి.

అప్పుడు చెరువు చూశాం. అడుగు లోతు నీళ్లు, మట్టి రంగు. చేపపిల్లలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఇద్దరు ఫైర్‌మన్లని బక్కెట్లతో గడ్డిమేట్ల దగ్గర ఉంచి, వైర్‌లెస్‌లో ఆఫీసర్ గారికి సంగతి చెప్పి, నేనూ డ్రైవరు గారూ బండి తీసుకుని పట్టణానికి పరిగెత్తాం. స్టేషన్ సంపులో నింపుకుని వచ్చి పొయ్యబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, దోసిట్లో పట్టి వాసన చూసింది.

“మందు నీళ్లు. ఇలా గుమ్మరిస్తే ఉన్నవి కూడా పోతాయి. వానలా పొయ్యండి.”

నాజిల్ తిప్పి ఆకాశంలోకి కొట్టాం. నీళ్లు జల్లుగా పడ్డాయి. క్లోరిన్ మందు వాసన గాలిలోనే పోయింది, పిల్లలకి గాలీ అందింది. నాలుగు ట్రిప్పులు వేశాం. ఐదోదానికి నింపుకుంటుండగా వేరే ఊరి నుంచి ఇంకో ఫోనొచ్చింది, అటు వెళ్లిపోయాం.

మర్నాడు పొద్దున్న నేను డ్యూటీ దిగి అటు వెళ్లేసరికి చెరువు మీద తెల్లగా తేలుతున్నాయి. గట్టు మీద పదిమంది ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు దోపుకుని ఏరుతున్నారు. ముందురోజు ఇళ్లు పోయినవాళ్లే సగం మంది. ఆవిడ మధ్యలో కూర్చుని చిల్లుల గిన్నెతో కొలుస్తోంది. మీకు తెలుసో లేదో, చేపపిల్లల్ని ఒక్కొక్కటీ లెక్కపెట్టరు. ఒక గిన్నె ఎత్తి అందులోవి లెక్కిస్తారు, తర్వాత గిన్నెలు లెక్కిస్తారు. గిన్నెకి రెండు వందలు. ఎనభై మూడు గిన్నెలు.

“కాగితం లేకుండా ఇంత లెక్కా నోటితో వేస్తారా?” అన్నాను.

“మీరు కాగితం మీద వేస్తారు కదా, ఏమైంది?” అంది. తర్వాత తనే, “మిగతావి బతికాయి లెండి. వాన పనిచేసింది” అంది.

ఇళ్లు పోయినవాళ్లకి సాయం అందింది, ఆలస్యంగానైనా. నష్టపోయినవాళ్ల ఫారంలో ఇల్లు, పశువు, ధాన్యం అని గళ్లున్నాయి. మంట ఆర్పడానికి నీళ్లిచ్చి నష్టపోయినవాళ్లకి గడి లేదు. ఆఫీసర్ గారు వేరే కాగితం రాశారు. అది ఎక్కడికెళ్లిందో తెలియదు.

ఇక నీళ్ల సంగతి. నాలుగు ట్రిప్పులు పోను డెబ్భై నాలుగు వేల ఐదు వందల ఇరవై లీటర్లు మిగిలింది. నేను మాటిచ్చానని ఆఫీసర్ గారికి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ప్రైవేటు చెరువుకి గవర్నమెంటు బండితో నీళ్లా? రేపు ఆడిట్లో ఏం చెప్పమంటారండీ?”

ఆయనే కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, “వారం వారం పంపు టెస్టు చెయ్యాలి కదా. ఆ నీళ్లు ఎక్కడ వదలాలని పుస్తకంలో ఉందా?” అన్నారు.

“లేదండి.”

“ఐతే డ్రిల్లు అక్కడ పెట్టుకోండి. ఎలాగూ ఆ పేటకి దారి నలిగితే మంచిదే.”

పాపం, ఆయన అంత మంచి మాట చెబితే నేను అమలు చెయ్యడంలో మళ్లీ తప్పు చేశాను. వెంటనే మనుషులు దొరకలేదు. ఒకరు సెలవు, ఒకరు డిప్యుటేషన్. డ్రిల్లు కుదిరేసరికి జూన్ మూడో వారం. నిండు బండితో వెళ్లాం. ఆవిడ గట్టు మీద చెయ్యి నడుముకి పెట్టుకుని నిలబడింది. వెనక కాలువ గట్టు ఒరుసుకుంటూ పారుతోంది.

“ఏంటండీ అది?”

“మీ నీళ్లమ్మా.”

“కాలువ నిండా పోతుంటే బండిలో తెచ్చారా? చూడబోతే పోసేశామని పుస్తకంలో రాసుకుపోయేలా ఉన్నారు.” డ్రైవరు గారు అటు తిరిగి నవ్వుకుంటున్నారు. “మే నెల నీళ్లు పట్టుకెళ్లారు. మే నెల నీళ్లే పొయ్యాలి. వీటిని పట్టుకెళ్లి మీ ఆఫీసులో మొక్కలకి పోసుకోండి.”

నేను లీటరంటే లీటరే అనుకునేవాణ్ని, దానికి నెల ఉంటుందని అనుకోలేదు. తిరిగొస్తున్నప్పుడు డ్రైవరు గారు అన్నారు, “మేష్టారూ, మీ గోడ మీద పట్టికలో కూడా అన్నీ జనవరి లీటర్లేనండి.” ఈసారి వెటకారం లేదు.

ఆ మాట పట్టుకునే తర్వాతి మే నెలలో అరవై మూడు చోట్లూ మళ్లీ తిరిగాం. టేపు ఒక చివర నేను, ఒక చివర ఆయన. బురదలోకి దిగేది నేను, రోడ్డు మీద నిలబడేది ఆయన. ముప్ఫై రెండు అడుగుల్లోపు నీరున్నవి ఇరవై తొమ్మిదే తేలాయి. మిగతావి పట్టికలోంచి కొట్టేశాం. కొట్టేసినచోట్ల తాటాకిళ్లున్న ఊళ్లకి మే నెలలో ముందే రెండు అదనపు గొట్టాలు బండికెక్కించడం, ఎవరి గుంటలో నీరుందో అడిగి ఒప్పించి పెట్టుకోవడం మొదలుపెట్టాం. ఆ తర్వాత మా పరిధిలో మంటలు రాకుండా ఉండలేదు, కానీ ట్యాంకు అయిపోయి నిలబడ్డది మళ్లీ లేదు. మీరు ఏ స్టేషన్‌కి వెళ్లినా గోడ మీద ఉన్న కాగితాన్ని నమ్మే ముందు అది ఏ నెలలో రాశారో అడగండి.

పట్టిక సరిచేసిన ఆ సంవత్సరమే కాలువలు కట్టిన రోజుల్లో ఐదు డ్రిల్లులు ఆవిడ గట్టు మీద చేశాం. జల్లుగానే కొట్టేవాళ్లం. పేట పిల్లలు కింద తడవడానికి వచ్చేవాళ్లు, ఆవిడ తిట్టి తరిమేది. ఐదు బండ్లు పోను బాకీ యాభై రెండు వేల ఇరవై లీటర్లు. మరుసటేడు ఇంజన్ పని వచ్చి బండి షెడ్డులో ఉండిపోయింది, మూడే పోశాం. ముప్ఫై ఎనిమిది వేల ఐదు వందల ఇరవై. ఆ పై సంవత్సరం నాలుగు బండ్లు. అదే డ్రైవరు గారి ఆఖరి మే నెల, నాదీ అదే. పోసిన ప్రతిసారీ ఆవిడ మోటారు గది గోడ మీద సున్నంతో ఒక గీత గీసేది. నా పుస్తకం, ఆవిడ గోడ ఎప్పుడూ తేడా రాలేదు.

వచ్చేసేటప్పుడు నా తర్వాత బాధ్యత తీసుకున్న అబ్బాయికి గొట్టాలు, నాజిళ్లు, నిచ్చెనలు లెక్క ఒప్పగించి, ఆ జాబితా కింద ఈ నీళ్ల బాకీ కూడా రాశాను. అతను రెండుసార్లు చదివి, “ఇది స్టాకులోకి వస్తుందాండీ?” అన్నాడు. వస్తుందన్నాను. కొట్టెయ్యకుండా సంతకం పెట్టాడు. మంచివాడే. కానీ షిఫ్టుకి ముగ్గురే మిగిలారట, డ్రిల్లులు స్టేషన్ ఆవరణ దాటట్లేదు. రెండు మే నెలలు ఖాళీగా పోయాయి.

ఈ మే నెలలో మోకాలికి పట్టీ కట్టుకుని నేనే ఆటోలో వెళ్లాను. కాలువ ఎండి ఉంది. చెరువులో అడుగు పైన రెండు అంగుళాల నీళ్లు, కొత్త పిల్లలు. ఆవిడ గట్టు మీదే ఉంది, జుట్టు నెరిసింది. కుర్చీ తెప్పించి కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది. పేటలో ఇప్పుడు తాటాకిళ్లు ఆరే ఉన్నాయంది.

“బండి రాలేదేంటండీ?” అంది.

“మనుషులు లేరమ్మా.”

“ఉన్నప్పుడే రమ్మనండి. నేనెక్కడికీ పోను.” గోడ వైపు చూసి గీతలు లెక్కపెట్టింది. నేను జేబులోంచి పుస్తకం తీశాను. ఇద్దరం ఒకేసారి చెప్పాం.

మీలో ఎవరికైనా ఆ స్టేషన్‌కి పోస్టింగ్ వస్తే వివరం ఇది. కాలువ గట్టు పేట పక్కనే, రోడ్డుని ఆనుకుని, పదిహేను సెంట్ల గుంట. జల్లుగా పొయ్యాలి. కాలువలు కట్టేసి ఉన్నప్పుడే లెక్క. ఇవాళ్టికి స్టేషన్ పొయ్యాల్సింది ఇరవై వేల ఐదు వందల ఇరవై లీటర్లు.